యూరీ గగారిన్: నేలపై దిగుట నేర్చుకొనిన విద్యార్థి

ఆకాశమున కెగిరినవారి పేర్లను లోకము జ్ఞాపకముంచుకొనును. వారు తిరిగి నేలపై దిగుట నెట్లు నేర్చుకొనిరో విచారించువారు తక్కువ. ఈ సంచికలో మా బాలబాలికలకు యూరీ గగారిన్ అను రష్యా దేశపు వ్యోమగామి జీవితమును వినిపింప దలచితిమి. ఇతడు 1961వ సంవత్సరము ఏప్రిల్ 12వ తేదీన మానవులందఱిలో మొట్టమొదట అంతరిక్షమునకు పోయి, భూమిని చుట్టి, సుఖముగా తిరిగి వచ్చినవాడు. ఈ సంగతి మీ పాఠ్యపుస్తకములలోనే కలదు. కాని అంతకు అయిదేండ్ల క్రిందట ఇతనికి విమానమును దింపుట చేతకాదని విమాన విద్యాలయమువారు ఇంటికి పంపివేయుటకు సిద్ధపడిన సంగతి మీలో అనేకు లెఱుగరు. మేము ముఖ్యముగా చెప్ప దలచినది ఆ కథయే.

ఈ కథ మాకు జ్ఞాపకము వచ్చుటకు ఒక కారణము కలదు. గడచిన వేసవి సెలవులలో మేము హైదరాబాదునకు పోయి, తార్నాకలో ఒక మిత్రుని యింట బస చేసితిమి. తార్నాకకు పడమటి దిక్కున ఉస్మానియా విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణమున్నది. ఆ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. దాని ఆర్ట్సు కళాశాల రాతిభవనము 1939లో ప్రారంభోత్సవము జరుపుకొన్నది. మేము ప్రతిదినము సాయంకాలము తార్నాక చౌరస్తానుండి, పోషకాహార పరిశోధనాలయము మీదుగా, ఆ భవనపు మెట్లవఱకు నడచిపోయి, కొంతసేపు కూర్చుండి, తిరిగి వచ్చుచుంటిమి. ఆ దారిలో చాలమంది విద్యార్థులు పుస్తకములు చేతబట్టి పాఠములు వల్లెవేయుచు నడచుచుందురు గనుక, ఎవరి పెదవులు కదలినను ఎవరును వింతగా చూడరు.

ఒకనాటి సాయంకాలము మాకు ఎదురుగా వచ్చుచున్న యువతి యొకతె పెదవులు కదపుచు, కుడిచేతిని ముందుకు చాచి, దేనినో మెల్లగా వెనుకకు లాగుచున్నట్లు నటించుచు వచ్చుట చూచితిమి. దగ్గఱకు రాగానే ఆమె మా పాఠశాల పూర్వవిద్యార్థిని యని గుర్తించి పలుకరించితిమి. ఆమె సిగ్గుపడి చేయి దించుకొని నమస్కరించెను. విమానము నడపుట నేర్చుకొనుచున్నాననియు, తార్నాకలో పినతల్లిగారి యింట నుండి తెల్లవారకముందే లేచి విమానాశ్రయమునకు పోవుచున్నాననియు చెప్పెను. మేము మిక్కిలి సంతోషించితిమి. కాని ఆమె ముఖమున సంతోషము లేదు.

రాతి మెట్లమీద కూర్చుండిన తరువాత ఆమె తన కష్టమును దాచక చెప్పెను. విమానమును పైకి లేపుట, సమముగా నడపుట, మలుపులు త్రిప్పుట ఇవి యన్నియు ఆమెకు వచ్చినవి. దింపుట మాత్రము రాలేదు. నేల దగ్గఱపడుచున్నకొలది అరచేతులు చెమర్చును, నోరెండిపోవును. నేల ఇంకను ఎంత దూరమున నున్నదో కంటికి తెలియదు. ఒకమాఱు తొందరపడి లాగగా విమానము మరల పైకి తేలి, తరువాత దబ్బున పడును. ఇంకొకమాఱు ఆలస్యము చేయగా చక్రములు నేలను కొట్టి బంతివలె ఎగురును. తనతో ప్రవేశించినవారు ఒక్కొక్కరుగా శిక్షకుడు లేకుండ ఒంటరిగా ఎగిరి వచ్చిరి. తాను మాత్రము మిగిలిపోయెను. ఈ విద్య తన రక్తమున లేదనియు, తండ్రి అప్పుచేసి కట్టిన రుసుము వృథా యగుచున్నదనియు, ఈ వారములోనే ఇంటికి వచ్చివేయుదునని తండ్రికి ఉత్తరము వ్రాయ నిశ్చయించితిననియు ఆమె చెప్పెను. అప్పుడు మేము ఆమెకు చెప్పిన కథనే ఇప్పుడు మీకొఱకు కొంత విస్తరించి వ్రాయుచున్నాము.

యూరీ గగారిన్ 1934వ సంవత్సరము మార్చి 9వ తేదీన రష్యా దేశమున స్మొలెన్‌స్కు మండలములోని క్లూషినో అను చిన్నపల్లెలో జన్మించెను. తండ్రి వడ్రంగి. తల్లి పాడిపశువుల సాలలో పనిచేయునది. నలుగురు బిడ్డలలో ఇతడు మూడవవాడు. ఇతనికి ఏడేండ్ల ప్రాయమున 1941లో జర్మనీ సేనలు రష్యాపై దండెత్తి వచ్చినవి. ఆ దినములలోనే ఒక రష్యా యుద్ధవిమానము దెబ్బతిని ఆ పల్లె సమీపమున పొలములో దిగెను. దాని చోదకునికి సాయపడుటకు మఱియొక విమానమును అచ్చట దిగెను. పల్లెలోని పిల్లలందఱు పరుగెత్తిపోయి ఆ విమానములను చేతులతో తాకి చూచిరి. వారిలో యూరీయు ఒకడు. ఆ దృశ్యము వాని మనసున నాటుకొన్నది.

అటుపిమ్మట శత్రుసేనలు ఆ పల్లెను ఆక్రమించుకొన్నవి. బడిని తగులబెట్టినవి. గగారిన్ కుటుంబమువారి ఇంటిని ఒక సైనికోద్యోగి తీసికొనగా, వారు ఇంటి వెనుక మట్టిలో గుంట త్రవ్వుకొని, దానిపై కప్పు వేసికొని, ఇంచుమించు రెండేండ్లు అందులో కాపురముండిరి. 1943లో శత్రువులు వెనుకకు మరలునప్పుడు ఇతని అన్నను, అక్కను వెట్టిపనికై పట్టుకొనిపోయిరి. వారు యుద్ధము ముగిసిన తరువాత గాని ఇల్లు చేరలేదు. బాల్యమున ఇంత భయమును చూచినవాడు భయమెఱుగనివాడై పెరిగెనని మేము చెప్పబోము. భయమున్నను దినచర్య మానరాదని మాత్రము ఆ గుంటలో నేర్చుకొని యుండవచ్చును.

యుద్ధానంతరము ఆ కుటుంబము గ్జాత్స్కు పట్టణమునకు వచ్చెను. అక్కడి బడిలో గణితమును ప్రకృతిశాస్త్రమును బోధించిన ఉపాధ్యాయుడు యుద్ధకాలమున వైమానిక దళములో పనిచేసినవాడు. యూరీ ఆ బడిలో తోటి పిల్లలతో కలిసి చిన్న విమానపు బొమ్మలు చేయుచుండెను. కాని ఇంటి పరిస్థితి ననుసరించి పదునాఱేండ్లకే పని నేర్చుకొనవలసి వచ్చెను. మాస్కో సమీపమున ల్యూబెర్త్సీ పట్టణములో లోహము కరగించి అచ్చులలో పోయు పనికి కుదిరి, పగలు పని, రాత్రి చదువు సాగించెను. 1951లో ఆ విద్యయందు యోగ్యత పొందగా, వోల్గా నదీతీరమునందలి సరతోవు పట్టణపు సాంకేతిక పాఠశాలకు అతనిని ఎన్నుకొని పంపిరి. మన విద్యార్థులు ఈ సంగతిని గమనింతురుగాక. ఇతడు ధనికుల బిడ్డ కాడు. చిన్ననాటనుండి విమానములయొద్ద పెరిగినవాడును కాడు. కొలిమి పొగలోనుండి ఆకాశమునకు దారి వెదకుకొన్నవాడు.

సరతోవులో విమానవిద్య నేర్పు సంఘ మొకటి యుండెను. 1954లో యూరీ అందులో చేరెను. పగలు సాంకేతిక పాఠములు, సెలవులలో నదీతీరమున ఓడల సరకు మోయు కూలిపని, మిగిలిన వేళ విమానవిద్య. 1955లో అక్కడనే పారాచూట్ తోడ దూకుట నేర్చెను. యాక్-18 అను చిన్న శిక్షణ విమానమును శిక్షకుడు లేకుండ ఒంటరిగా నడపెను. అదే సంవత్సరము అతడు సైన్యమున చేరి, ఉరల్ నదీతీరముననున్న ఒరెన్‌బర్గు పట్టణపు సైనిక విమాన విద్యాలయమున ప్రవేశించెను. ఆ కాలమున ఆ పట్టణమునకు చ్కాలొవ్ అని పేరు.

1956 ఫిబ్రవరిలో అక్కడి విద్యార్థులకు మిగ్-15 అను జెట్ విమానముపై శిక్షణ ప్రారంభమయ్యెను. యాక్-18 ముందు పంకా త్రిప్పుకొని మెల్లగా పోవు బండి. మిగ్-15 యుద్ధమున కుపయోగించు వేగవంతమైన యంత్రము. ఇక్కడనే గగారిన్‌కు గండము వచ్చెను. ఇద్దఱు కూర్చుండు శిక్షణ విమానమున శిక్షకుని యెదుట అతడు దాని నెగురవేయుటలో ఏ తప్పును చేయలేదు. దింపుటలోనే తప్పెను. రెండుమాఱులు పరీక్షింపగా రెండుమాఱులును దిగుట సరిగా కుదురలేదు. అట్టివానికి యుద్ధవిమాన మొప్పగించుట ప్రమాదమని పెద్దలు తలచిరి. విద్యాలయమునుండి తొలగింతు రనుమాట వచ్చెను.

విమానమును దింపుటలో నున్న కష్టమేమో మన పిల్లలకు కొంచెము తెలియవలెను. దిగు విమానము నేలమీదికి ఏటవాలుగా వచ్చును. నేలకు కొద్ది అడుగుల యెత్తున నుండగా చోదకుడు చేతిదండమును మెల్లగా వెనుకకు లాగవలెను. అప్పుడు విమానపు ముక్కు పైకి లేచి, వేగము తగ్గి, చక్రములు మెత్తగా నేలను తాకును. ఆ లాగుట ఒక్క క్షణము ముందైనచో విమానము గాలిలో వేగము కోల్పోయి క్రిందపడును. ఒక్క క్షణము వెనుకైనచో నేలను గట్టిగా కొట్టి ఎగురును. ఆ కొద్ది అడుగుల యెత్తును చోదకునికి చెప్పునది ముఖ్యముగా అతని కన్నే. విమానపు ముక్కుమీదుగా దూరముననున్న నేలను, దిక్కుల అంచును చూచి, అవి పైకి లేచుచున్న తీరునుబట్టి తానెంత యెత్తున నున్నాడో అతడు తెలిసికొనును. ఇది వ్రాతవలన వచ్చు విద్య కాదు, చూపువలన వచ్చు విద్య.

ఇప్పుడు గగారిన్ ఎత్తును చెప్పవలెను. అతడు 157 సెంటీమీటర్ల మనిషి, అనగా అయిదడుగుల రెండంగుళములు. సాధారణమైన ఎత్తుగలవానికొఱకు అమర్చిన ఆసనమున అతడు కూర్చుండగా కన్నులు క్రిందుగా నుండెను. విమానపు ముక్కు అతనికి దారిని కప్పివేయుచుండెను. ఇతరులకు కనబడు నేల అతనికి తగినంత కనబడలేదు. కనబడని దానిని అంచనా వేయుట ఎవరికి సాధ్యము? లోపము ధైర్యమున లేదు, బుద్ధిలో లేదు, చేతులలో లేదు. కన్నుండవలసిన చోట లేదు.

అతనిని తొలగింపవలెనా వద్దా యని విచారణ జరుగగా, దళాధిపతి మఱియొక్క అవకాశ మిచ్చి చూడవలెనని నిర్ణయించెను. శిక్షకుడు ఒక మెత్తను తెచ్చి గగారిన్‌కు ఆసనముపై వేసికొనుట కిచ్చెను. అంతియే. ఆ మెత్తమీద కూర్చుండగా చూపు పైకి లేచెను. దూరపు నేల కనబడెను. ఆనాడు అతడు విమానమును చక్కగా దింపెను. శిక్షణ విమానపు పరీక్షలో నెగ్గి, 1957లో ఒంటరిగా నడపుట ప్రారంభించెను. 1957 నవంబరు 5వ తేదీన లెఫ్టినెంటు పదవి పొందునాటికి అతడు గాలిలో గడపిన కాలము 166 గంటల 47 నిమిషములు. అదే సంవత్సరము అతడు వాలెంటీనా అను యువతిని వివాహమాడెను. తరువాత వారికి ఇద్దఱు కుమార్తెలు కలిగిరి.

ఈ చిన్న మెత్త కథలో ముగ్గురి గుణములు కనబడుచున్నవి. దళాధిపతి తొందరపడి తీర్పు చెప్పలేదు. శిక్షకుడు నీవు పనికిరావని కోపగించుటకు మాఱుగా ఎందువలన కుదురుటలేదని కారణము వెదకెను. విద్యార్థి రెండుమాఱులు ఓడినవాడై మూడవమాఱు ఆసనమున కూర్చుండుటకు సిద్ధముగా నుండెను. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినను 1961 ఏప్రిల్ 12వ తేదీన అంతరిక్షమునకు పోయినవాడు మఱియొకడై యుండును. మా పాఠశాల ఉపాధ్యాయులు ఒక బాలుడు లెక్కలలో వెనుకబడినప్పుడు వాని తలను నిందింపకముందు, వానికి నల్లబల్ల సరిగా కనబడుచున్నదా యని యడుగుట మేలు. తల్లిదండ్రులును ఇదే విధమున యోచింతురుగాక.

పిమ్మట గగారిన్ నార్వే సరిహద్దు సమీపమున, సూర్యుడు శీతకాలమున కొన్నివారములు ఉదయింపని ఉత్తరదేశమున, లువోస్తారి అను స్థావరములో పనిచేసెను. మంచు, చీకటి, పెనుగాలి నడుమ విమానములు దింపుట అక్కడి దినకృత్యము. దిగుట చేతకాదని పేరుపడినవానికి దైవము దిగుటయే కష్టమైన చోట ఉద్యోగ మిచ్చినట్లయ్యెను. 1959లో రహస్యముగా వ్యోమగాముల ఎన్నిక ప్రారంభమయ్యెను. అనేకులను పరీక్షించి చివరకు ఇరువదిమందిని ఎన్నుకొనిరి. వారిలో గగారిన్ ఒకడు. వోస్తోక్ అను ఆ నౌకలో చోటు బహు ఇఱుకు గనుక ఎక్కువ పొడవు, ఎక్కువ బరువుగలవారిని పరిగ్రహింపలేదు. ఒరెన్‌బర్గులో ఇతనికి అడ్డమై నిలిచిన కుఱచతనమే ఇక్కడ ఆటంకము కాకపోయెను.

ఆ యిరువదిమందికి ఇచ్చిన శిక్షణము కఠినమైనది. చప్పుడు చొరని గదిలో దినములతరబడి ఒంటరిగా నుంచిరి. గిరగిర త్రిప్పు యంత్రమున కూర్చుండబెట్టి, దేహభారము కొన్నిరెట్లు పెరిగిన స్థితిలో పని చేయించిరి. వేడిగదులలో కూర్చుండబెట్టిరి. పారాచూట్లతో పలుమాఱులు దూకించిరి. ఒకనాడు వారినందఱిని, నీవు గాక మఱియెవరు ముందుగా పోదగినవారో పేరు వ్రాయకుండ తెలుపుమని యడుగగా, ముగ్గురు తప్ప మిగిలినవారందఱు గగారిన్ పేరే చెప్పిరట. తోటివారి నమ్మకము పరీక్షలలో వచ్చు మార్కులకంటె గొప్పది.

1961 ఏప్రిల్ 12వ తేదీ ఉదయము బైకొనూరు ప్రయోగస్థలమున అతడు నౌకలో కూర్చుండెను. అంతకు ముందటి మానవరహిత ప్రయోగములలో కొన్ని విఫలమైనవి. ప్రధాన నిర్మాతయైన కొరొల్యోవ్ మహాశయుడు సయితము ఆందోళనతో నుండెను. భారరహిత స్థితిలో మనుష్యునికి మతి తప్పునేమో యని కొందఱు వైద్యులు శంకించిరి. కావున నౌకను చేతితో నడపు సాధనమునకు తాళము వేసి, దానిని తెఱచు అంకెలను ఒక కవరులో నుంచిరి. బుద్ధి స్థిరముగా నున్నవాడే ఆ కవరు విప్పి అంకెలు నొక్కగలడని వారి యూహ. చూడుడు! సందేహము విద్యార్థులకే గాదు, మహాశాస్త్రజ్ఞులకును కలుగును. వారు సందేహమును దాచలేదు. దానికి తగిన యేర్పాటు చేసికొని ముందుకు సాగిరి.

బయలుదేఱుటకు అరగంట ముందు గగారిన్ నాడి నిమిషమునకు 64 మాఱులు కొట్టుకొనుచుండెను. రాకెట్టు లేచునప్పుడు అది నూటయేబదికి మించెను. వీరుల గుండెయు మన గుండెవలెనే కొట్టుకొనునని ఈ అంకెలవలన మనకు తెలియుచున్నది. గుండె వేగముగా కొట్టుకొన్నను అతని మాట తడబడలేదు. చేయవలసిన పని వరుసగా చేయుచు, చూచినదానిని నేలమీదివారికి చెప్పుచు పోయెను. నౌక గంటకు 27 వేల కిలోమీటర్లకు మించిన వేగమున, భూమికి మూడువందల కిలోమీటర్లకు మించిన యెత్తువఱకు పోయి, ఒక్కమాఱు భూమిని చుట్టెను. బయలుదేఱినది మొదలు భూమిని చేరువఱకు పట్టిన కాలము 108 నిమిషములు.

తిరుగు ప్రయాణమున మరల దిగుటయే కష్టమయ్యెను. గగారిన్ కూర్చున్న గోళమునుండి వెనుకనున్న యంత్రభాగము విడిపోవలసియుండగా, కొన్ని తీగలు పట్టుకొని విడిపోలేదు. రెండును కలిసి బొంగరమువలె తిరుగ నారంభించినవి. కొన్ని నిమిషముల తరువాత గాలి రాపిడివేడికి ఆ తీగలు కాలిపోయి, గోళము విడివడి కుదుటపడెను. ఏడు కిలోమీటర్ల యెత్తున అతడు నౌకనుండి వెలుపలికి వచ్చి, పారాచూట్‌తో మెల్లగా నేలకు దిగెను. నౌక వేఱుగా దిగెను. నౌకతో గాక వేఱుగా దిగిన సంగతిని ఆ దేశపు ప్రభుత్వము 1971 వఱకు ఒప్పుకొనలేదు. గగారిన్‌చేతను చెప్పనీయలేదు. ఇది ఆ యశస్సుపై నొక చిన్న మచ్చ. నిజము చెప్పియున్నను అతని కీర్తికి ఏ కొఱతయు వచ్చియుండదు.

అతడు దిగిన స్థలమేదియో విన్నచో మీరు ఆశ్చర్యపడుదురు. అది వోల్గా తీరమున ఎంగెల్స్ పట్టణ సమీపమునందలి పొలము, సరతోవు మండలములోనిది. ఆఱేండ్ల క్రిందట ఓడలరేవులో మూటలు మోయుచు, పారాచూట్‌తో దూకుట నేర్చుకొన్న ఆ ప్రాంతమే. పొలములో నున్న ఒక ముసలమ్మయు ఆమె మనుమరాలును నారింజవన్నె దుస్తులతో తెల్లని శిరస్త్రాణముతో నడచివచ్చుచున్న ఆ మనిషిని చూచి మొదట వెఱచిరట. అతడు తానును వారివంటి మనిషినేయని చెప్పి వారి భయము తీర్చెను.

ఒక్క దినములో అతని పేరు లోకమంతయు వ్యాపించెను. అనేక దేశములవారు అతనిని ఆహ్వానించిరి. 1961వ సంవత్సరము చివర మన భారతదేశమునకును వచ్చెను. కాని కీర్తివలన ఒక నష్టమును కలిగెను. అతనికి ప్రమాదము జరుగునేమో యను భయమున పెద్దలు అతనిని విమానములు నడపనీయరైరి. 1967లో మిత్రుడైన కొమరోవ్ సోయుజ్ నౌకలో మరణించెను. ఆ యాత్రకు ప్రత్యామ్నాయముగా నియమింపబడినవాడు గగారినే. అప్పటినుండి అతనిని అంతరిక్షయాత్రలకు దూరముగా నుంచిరి. అతడు నిరాశపడి కూర్చుండలేదు. పెద్ద చదువు చదివి, 1968 ఫిబ్రవరిలో జుకోవ్‌స్కీ విద్యాపీఠమున పట్టము పొంది, యుద్ధవిమానములు నడపుటకు మరల అర్హత సంపాదింప నారంభించెను. లోకమంతయు ఎఱిగిన వీరుడు, తాను నాయకుడై యుండదగినవాడు, మరల శిక్షకుని యెదుట విద్యార్థియై కూర్చుండెను.

1968 మార్చి 27వ తేదీన సెర్యోగిన్ అను అనుభవశాలియైన శిక్షకునితో కలిసి అతడు మిగ్-15 శిక్షణ విమానమున నెగిరెను. ఒరెన్‌బర్గులో అతనిని ఏడిపించిన ఆ జాతి విమానమే అది. ఆ విమానము కిర్జాచ్ పట్టణ సమీపమున కూలగా ఇద్దఱును మరణించిరి. అప్పుడు గగారిన్ వయసు 34 ఏండ్లు. అతని చితాభస్మమును మాస్కోలో క్రెమ్లిన్ గోడయందు నిక్షేపించిరి. అతడు చదువుకొన్న గ్జాత్స్కు పట్టణమునకు ఆ యేటనే గగారిన్ అని పేరు పెట్టిరి. ధైర్యవంతుడైనవాడు ప్రమాదముల కతీతుడని మేము మా పిల్లలకు అబద్ధము చెప్పము. విమానవిద్యలో ప్రమాదము కలదు. అందువలననే అందులో శిక్షణము, నియమము, మరల మరల పరీక్ష కలవు. అనుభవమున్నను విద్యార్థిగా కూర్చుండుటకు సిగ్గుపడనివాడే ఆ విద్యకు తగినవాడు.

ఈ కథకు మన హైదరాబాదుతోడ నొక సంబంధమును కలదు. 1984వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన సోయుజ్ నౌకలో అంతరిక్షమునకు పోయిన మొదటి భారతీయుడు రాకేశ్ శర్మ హైదరాబాదులోనే సెంటు జార్జి గ్రామరు పాఠశాలలోను, పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన నిజాం కళాశాలలోను చదివినవాడు. ఆ యాత్రకై అతడు శిక్షణ పొందిన కేంద్రమునకు గగారిన్ పేరే పెట్టబడియున్నది. మెత్త వేసికొని దిగుట నేర్చుకొన్న ఆ రష్యా బాలుని పేరుగల గదులలో మన నగరపు విద్యార్థి పాఠములు చదివెను.

ఇంతయు విన్న పిమ్మట మా పూర్వవిద్యార్థిని కొంతసేపు మాటాడలేదు. రాతిభవనముపై చీకటి క్రమ్ముచుండెను. తనకు మెత్త అక్కఱలేదనియు, తాను గగారిన్‌కంటె పొడవేననియు చెప్పి మొదటిమాఱు నవ్వెను. మేమును నవ్వి, నీ మెత్త వేఱొకటై యుండవచ్చును గనుక దానిని వెదకుమంటిమి. దింపునప్పుడు నీవు ఎక్కడ చూచుచున్నావని యడిగితిమి. ఆమె యోచించి, నేలను తాకబోవు చోటుననే, ముక్కుకు ఎదుటనే చూచుచున్నానేమో యనెను. ఈ సంగతి శిక్షకునితో చెప్పితివా యనగా, చెప్పుటకు భయపడితిననియు, లోపము బయటపడినచో పంపివేయుదురని దాచితిననియు ఒప్పుకొనెను. మేము విమానవిద్య నెఱిగినవారము కాము గనుక, ఉత్తరము తండ్రికి వ్రాయుటకు ముందు ఆ మాట శిక్షకునికి చెప్పుమని మాత్రము హితవు చెప్పితిమి.

రెండు మాసముల తరువాత ఆమెనుండి మాకు ఉత్తరము వచ్చెను. మఱునాడే ఆమె శిక్షకునితో ఉన్నదున్నట్లు చెప్పెను. అతడు పంపివేయలేదు. ఒకదినమంతయు దిగవలదని చెప్పి, విమానము దిగు బాటమీదుగా చాల తక్కువ యెత్తున ఈ చివరినుండి ఆ చివరివఱకు పలుమాఱులు పోనిచ్చి, చూపు బాట చివరన నిలుపుమని నేర్పెను. అటుల చేయగా నేల ఎంత దూరమున నున్నదో మెల్లమెల్లగా కంటికి పట్టుబడెను. కొన్నివారములకు ఒక ఉదయము శిక్షకుడు విమానము దిగి, తలుపు వేసి, ఒక్క చుట్టు తిరిగి రమ్మని చేయి ఊపెను. ప్రక్క ఆసనము ఖాళీగా నుండగా విమానము తేలికపడి తొందరగా పైకి లేచెనట. అరచేతులు ఆనాడును చెమర్చినవి. దిగుట అంత మెత్తగా కుదురలేదు, ఒక చిన్న యెగురు ఎగిరెను. అయినను చక్రములు నేలను పట్టుకొన్నవి. తోటివారు ఆచారము ననుసరించి ఒక బిందెడు నీళ్లు తలపై కుమ్మరించిరి. తడిసిన బట్టలతో తార్నాక యింటికి పోగా పినతల్లిగారు కారణము తెలియక కేకలు వేసిరట.

బాలబాలికలారా, మీలో అందఱును విమానములు నడపరు. కాని ప్రతివారికిని ఒక దిగవలసిన చోటు కలదు. కొందఱికి అది పరీక్షాభవనము, కొందఱికి సభలో మాటాడుట, కొందఱికి క్రొత్త యూరిలో క్రొత్త పని. అక్కడ గుండె దడదడలాడును. అది పిఱికితనమునకు గుర్తు కాదు. గగారిన్ గుండెయు ఆడినది. రెండుమాఱులు తప్పినచో మూడవమాఱు సిద్ధపడుడు. తప్పునకు కారణము వెదకుడు. మీ లోపమును మీకు నేర్పువారినుండి దాచకుడు. మీ పెద్దలలో ఒకరి చేతిలో మీకొఱకు ఒక చిన్న మెత్త యుండవచ్చును. అడిగినవానికే అది దొరకును.